పర్యావరణ, వాణిజ్య వ్యాజ్యాలు రెండూ నడిపే న్యాయవాదిగా ఎదగడం ఎలా?

ఒక మందుల ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి నుంచి మూసివేత ఉత్తర్వు వచ్చిందనుకోండి. అప్పీలు వేయడానికి యజమాని ఒక న్యాయవాది దగ్గరికి వెళతారు. నెల తిరగకముందే, సరుకు అందలేదంటూ కొనుగోలుదారు నష్టపరిహారం కోరుతూ నోటీసు పంపుతారు. బ్యాంకు వాయిదాలు ఆగిపోతాయి. ఫ్యాక్టరీ వెనుక చెరువు కింద సాగు చేసుకునే రైతులు పంటనష్టం కోసం, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళతారు. ఒకే సంఘటన నుంచి పుట్టిన ఈ వ్యవహారాలన్నీ వేర్వేరు ఆఫీసుల్లో, ఒకదానితో ఒకటి పొంతన లేని వాదనలతో నడుస్తుంటాయి. అప్పీలులో "మా ఫ్యాక్టరీ వల్ల కాలుష్యమే లేదు" అని ప్రమాణపూర్వకంగా చెప్పిన యజమానే, కొనుగోలుదారుకు ఇచ్చిన జవాబు నోటీసులో "మండలి ఎత్తిచూపిన లోపాలను సరిదిద్దుతున్నందువల్ల ఆలస్యమైంది" అని రాయిస్తారు. ఆ జవాబు నోటీసు ట్రిబ్యునల్‌లో రైతుల తరఫు పత్రాల్లో మొదటి కాగితంగా చేరుతుంది.

పర్యావరణ వ్యాజ్యం, వాణిజ్య వ్యాజ్యం రెండు వేర్వేరు ప్రత్యేకతలని చాలామంది అనుకుంటారు కానీ, మన రెండు రాష్ట్రాల్లో పరిశ్రమలున్న చోటల్లా అవి ఒకే కట్టలోని కాగితాలు. వాటిని కలిపి నేర్చుకున్నవారికి పని దొరకడం కష్టం కాదు. లా డిగ్రీ పూర్తి చేయబోతున్నవారినీ, సన్నదు (న్యాయవాదిగా నమోదు పత్రం) తీసుకుని ఇంకా దారి తేల్చుకోని జూనియర్లనూ దృష్టిలో పెట్టుకుని, ఆ నేర్చుకునే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

1. సన్నదు, బార్ పరీక్ష ముందుగా ముగించండి

మూడేళ్ల డిగ్రీ అయినా ఐదేళ్ల డిగ్రీ అయినా ఈ రంగంలో తేడా ఏమీ లేదు. డిగ్రీ చేతికి రాగానే తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోండి. నమోదు రుసుము సాధారణ అభ్యర్థులకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 125 రూపాయలు మించకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తేల్చి చెప్పింది. తరువాత ఆలిండియా బార్ పరీక్ష రాయాలి. దానిని వాయిదా వేసుకుంటూ పోకండి.

2. ఆఫీసును ఎంచుకోండి, పేరును కాదు

సీనియర్ ఎంత పెద్దవారన్నదానికంటే, ఆ ఆఫీసులో సాక్షుల విచారణ జరిగే కేసులు ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. హైకోర్టు రిట్లు (ప్రభుత్వ చర్యలను సవాలు చేసే పిటిషన్లు) మాత్రమే చూసే ఆఫీసులో మూడేళ్లు గడిపినవారికి అఫిడవిట్ రాయడం, స్టే అడగడం బాగా వస్తుంది కానీ, ఒక ల్యాబు అధికారిని క్రాస్ (ఎదురు విచారణ) చేయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అందువల్ల మొదటి రెండు మూడేళ్లు సిటీ సివిల్ కోర్టులోనో, విశాఖపట్నం, విజయవాడ వాణిజ్య వివాదాల కోర్టుల్లోనో దావాలు నడుపుతూ, హైకోర్టులో కూడా పని ఉన్న ఆఫీసులో చేరడం మంచిదని నా అభిప్రాయం. పర్యావరణ కేసులు ఆ ఆఫీసులో తక్కువైనా ఫరవాలేదు. సాక్ష్యం ఎలా నిలబడుతుందో, ఎలా కూలుతుందో అక్కడ నేర్చుకున్నది ట్రిబ్యునల్‌లో అక్కరకు వస్తుంది.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మొదటి రోజే అడగండి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే, నిబంధన కాదు; అయినా మాట మొదలుపెట్టడానికి ఒక ఆధారం.

3. చట్టాలను ముందు, తీర్పులను తరువాత చదవండి, కానీ కొన్ని తీర్పులను మొత్తం చదవండి

పర్యావరణం వైపు నీటి చట్టం (1974), గాలి చట్టం (1981), పర్యావరణ పరిరక్షణ చట్టం (1986), జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం (2010), పర్యావరణ ప్రభావ అంచనాపై 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్. వాణిజ్యం వైపు కాంట్రాక్టు చట్టం (1872), ఆర్బిట్రేషన్ చట్టం (1996), వాణిజ్య కోర్టుల చట్టం (2015), దివాలా స్మృతి (2016). వీటిని గైడ్లలో కాకుండా సవరణలతో సహా మూలంలోనే చదవండి. పాత పుస్తకం ప్రమాదకరం: జన్ విశ్వాస్ చట్టం కారణంగా 2024 ఏప్రిల్ 1 నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టంలో చాలా ఉల్లంఘనలకు జైలుశిక్ష పోయి, అధికారి విధించే జరిమానా వచ్చింది. అలాగే, ముందస్తు అనుమతి లేకుండా కట్టిన ప్రాజెక్టులకు తరువాత అనుమతి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 మే 16న వనశక్తి కేసులో చెప్పి, అదే ఏడాది నవంబరులో 2:1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. మే తీర్పును నమ్ముకుని డిసెంబరులో వాదించిన న్యాయవాది పరిస్థితి ఊహించుకోండి. వాదన రోజు ఉదయం కూడా తీర్పు ఇంకా నిలిచి ఉందో లేదో చూసుకునే అలవాటు చేసుకోవాలి.

తీర్పుల్లో రెండింటిని సారాంశం కాకుండా మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదవమంటాను. రెండూ మన నేల మీద పుట్టినవే.

మొదటిది ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకూ మధ్య నడిచిన కేసు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదన్న నిషేధం ఉండగా, ఆముదం ఆధారిత ఉత్పత్తులు తయారుచేసే ఒక కంపెనీ అక్కడ స్థలం కొని ముందుకు పోయింది. మండలి సమ్మతి (పరిశ్రమ పెట్టడానికి, నడపడానికి అది ఇచ్చే అనుమతి) నిరాకరించింది. అప్పీలు అధికారి కంపెనీకి అనుకూలంగా తీర్పు ఇచ్చారు. సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన 1999 జనవరి తీర్పు, హాని లేదని రుజువు చేసే బాధ్యత పరిశ్రమ పెట్టదలచినవారిదే అని చెప్పడంతో పాటు, శాస్త్ర నిపుణులు కూడా కూర్చునే పర్యావరణ న్యాయస్థానాల అవసరాన్ని వివరించింది. 2000 డిసెంబరులో వచ్చిన రెండో తీర్పు, ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపును సైతం తోసిపుచ్చింది. చదివేటప్పుడు న్యాయసూత్రాలతో ఆగకండి. ఏ తేదీన స్థలం కొన్నారు, ఏ తేదీన దరఖాస్తు పెట్టారు, సమ్మతి రాకముందే ఎంత పెట్టుబడి పెట్టారు అన్న వరుసను ఒక కాగితం మీద రాసుకోండి. కంపెనీ అడగకముందే సలహా ఇవ్వవలసిన సందర్భం ఏదో అప్పుడు అర్థమవుతుంది.

రెండోది, సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల గిరిజన ప్రాంతంలో ఇచ్చిన గనుల లీజులు, 1959 నాటి భూబదిలీ నియంత్రణ చట్టం కింద చెల్లవని అది చెప్పింది. లీజు పత్రం ఎంత పకడ్బందీగా రాసినా, భూమి స్వభావం దానిని చెల్లకుండా చేయగలదన్నది వాణిజ్య న్యాయవాది మరచిపోకూడని సంగతి. ఉత్తరాంధ్రలోనో, ఆదిలాబాదులోనో భూమికి సంబంధించిన ఏ ఒప్పందం మీ ముందుకు వచ్చినా, అది షెడ్యూల్డ్ ప్రాంతమా (గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించినదా) అన్న ప్రశ్న ముందు రావాలి.

4. ఏ తలుపు తట్టాలో, ఎన్నాళ్లలో తట్టాలో తేల్చుకోండి

ఈ రంగంలో కేసులు పోయేది వాదన బలహీనమై కాదు, తప్పు చోట వేయడం వల్ల, గడువు దాటడం వల్ల. తూత్తుకుడి స్టెరిలైట్ కేసు దానికి పెద్ద ఉదాహరణ. 2018లో మూతపడిన ఆ రాగి కర్మాగారాన్ని తెరవవచ్చని హరిత ట్రిబ్యునల్ అదే ఏడాది డిసెంబరులో ఆదేశించింది. ఆ అప్పీలు వినే అధికారమే ట్రిబ్యునల్‌కు లేదని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 18న ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. కంపెనీ మద్రాసు హైకోర్టుకు వెళ్లి 2020లో ఓడింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులోనూ ఓడింది. ట్రిబ్యునల్‌లో గెలిచిన గెలుపు ఎందుకూ పనికి రాలేదు.

మన రెండు రాష్ట్రాల కేసులు ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచికి, అంటే చెన్నైకి వెళతాయి. పర్యావరణ వివాదం మీద ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద దరఖాస్తుకు, కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు; తగిన కారణం చూపితే మరో 60 రోజులు. నష్టపరిహారం, పునరుద్ధరణ కోరే సెక్షన్ 15 దరఖాస్తుకు ఐదేళ్లు, ఆపైన 60 రోజులు. పర్యావరణ అనుమతి మీద, లేదా నీటి చట్టం సెక్షన్ 33ఎ కింద మండలి ఇచ్చిన ఆదేశం మీద సెక్షన్ 16 అప్పీలుకు 30 రోజులు, ఆపైన గరిష్ఠంగా మరో 60. సమ్మతి నిరాకరిస్తే మాత్రం నేరుగా చెన్నైకి పోకూడదు; 30 రోజుల్లో రాష్ట్ర అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లి, అక్కడ తేలాకే ట్రిబ్యునల్. ట్రిబ్యునల్ పరిధిలోని చట్టాలు మొదటి షెడ్యూలులో ఉంటాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం అందులో లేదు. హైకోర్టు రిట్ అధికారం అలాగే ఉన్నదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది గానీ, ఉన్న అప్పీలు దారిని వదిలి రిట్ ఎందుకు వేశారన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి.

ఫైలు రాగానే మొదటి పుటలో, ఎరుపు సిరాతో, ఉత్తర్వు తేదీ, అది క్లయింటు చేతికి అందిన తేదీ, గడువు ముగిసే తేదీ మూడూ రాయండి. రెండో తేదీకి రుజువుగా తపాలా కవరును పారేయవద్దని క్లయింటుకు చెప్పండి.

5. ల్యాబు నివేదికను న్యాయవాది కళ్లతో చదవడం నేర్చుకోండి

ఈ అడుగు దగ్గర ఎక్కువ సమయం గడపండి, ఎందుకంటే చాలామంది న్యాయవాదులు నివేదికలోని చివరి అంకె మాత్రమే చూసి వదిలేస్తారు.

నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం, వ్యర్థజలం నమూనా తీసే అధికారి ముందుగా యాజమాన్యానికి నోటీసు ఇవ్వాలి. వారి సమక్షంలో నమూనాను రెండు భాగాలు చేయాలి. రెండింటినీ సీలు వేసి ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాలి. యాజమాన్యం కోరితే రెండో భాగాన్ని నిర్దేశిత ల్యాబుకు పంపాలి. ఈ పద్ధతి పాటించని ఫలితం న్యాయవిచారణలో సాక్ష్యంగా చెల్లదు. కాబట్టి అంకెల కంటే ముందు, నమూనా తీసిన పంచనామా చూడండి. సంతకం ఎవరిది? ఫ్యాక్టరీ వాచ్‌మన్ సంతకమా, బాధ్యుడైన మేనేజరుదా? సీసా మీద సీలు నంబరు, ల్యాబు రసీదులోని నంబరు ఒకటేనా?

తరువాత తేదీలు. లోతట్టు జలాల్లోకి వదిలే వ్యర్థజలానికి సాధారణ ప్రమాణం ప్రకారం బీవోడీ (వ్యర్థాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీవోడీ (వ్యర్థాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) 250 మించకూడదు, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. వీటిలో బీవోడీ పరీక్ష 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు రోజులు ఉంచి చేసేది. నమూనా సోమవారం ల్యాబుకు చేరిందని, నివేదిక బుధవారం సంతకమైందని ఉంటే, అందులో బీవోడీ అంకె ఎలా వచ్చిందని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. సూక్ష్మజీవులతో ముడిపడిన పరీక్ష కాబట్టి, నమూనాను చల్లగా ఉంచి త్వరగా చేర్చారా అన్నది రెండో ప్రశ్న. మీరు రైతుల పక్షాన ఉంటే ఇవే ప్రశ్నలను మీ సొంత నమూనా మీద ముందుగా వేసుకోండి. ఊరివాళ్లు మినరల్ వాటర్ సీసాలో పట్టి తెచ్చిన నీళ్లు మండలిని కదిలించడానికి పనికొస్తాయి కానీ రుజువుగా నిలవవు. సంయుక్త కమిటీ తనిఖీ కోరుతూ దరఖాస్తు పెట్టడమే మేలైన మార్గం.

ఇక పర్యావరణ పరిహారం లెక్క. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రంలో ఐదు అంశాలను గుణిస్తారు: కాలుష్య సూచీ (కాలుష్యం ఎక్కువగా ఉండే ఎరుపు వర్గం పరిశ్రమలకు 80, నారింజకు 50, తక్కువగా ఉండే ఆకుపచ్చకు 30), ఉల్లంఘన జరిగిన రోజులు, సాధారణంగా 250గా తీసుకునే రూపాయల గుణకం, యూనిట్ పరిమాణం, అది ఉన్న ప్రాంతం. ఎరుపు వర్గంలోని మధ్యతరహా పరిశ్రమకు, చివరి రెండు అంశాలు ఒకటి చొప్పున ఉంటే, 30 రోజులకు 80 × 30 × 250, అంటే 6 లక్షల రూపాయలు. సూచీ మీద వాదన ఉండదు, పరిమాణం మీద ఉండదు. పోరు అంతా రోజుల సంఖ్య మీదే. ఉల్లంఘన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్నదానికి ఆన్‌లైన్ మీటరు రికార్డులు, కరెంటు బిల్లులు, ట్యాంకరు రశీదులు వెతకాలి. ఈ వెతుకులాట వాణిజ్య దావాల్లో ఖాతాపుస్తకాలు తిరగేసిన జూనియరుకే బాగా చేతనవుతుంది.

ఈ లెక్క మామూలు ఉల్లంఘనల తగాదాలకు సరిపోతుంది. మనుషుల ప్రాణాలు పోయిన ప్రమాదంలో లెక్క వేరు. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయినప్పుడు, మరునాడే ట్రిబ్యునల్ తనంతట తాను కేసు చేపట్టి, ఎల్‌జీ పాలిమర్స్ సంస్థను 50 కోట్ల రూపాయలు జమ చేయమంది. తప్పు ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా బాధ్యత పడే సందర్భాలు ఏవో తెలియడానికి, ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 17నూ, ఢిల్లీ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైన కేసులో 1986లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

6. వాణిజ్య దావాను మొదటి రోజే పూర్తిగా సిద్ధం చేయండి

మామూలు సివిల్ దావాలో ముందు దావా వేసి, పత్రాలు తీరిగ్గా దాఖలు చేసే అలవాటు మనకు ఉన్నది. వాణిజ్య కోర్టులో అది చెల్లదు. 2018 సవరణ తరువాత 3 లక్షల రూపాయలు, ఆపైన విలువ ఉన్న వాణిజ్య వివాదం ఈ చట్టం కిందికే వస్తుంది. అత్యవసర ఉపశమనం కోరని దావాకు ముందుగా సెక్షన్ 12ఎ మీడియేషన్ (రాజీకి ప్రయత్నం) తప్పనిసరి. ఆ మెట్టు ఎక్కకుండా వేసిన దావాను తిరస్కరించవలసిందేనని 2022 ఆగస్టు 17న పాటిల్ ఆటోమేషన్ తీర్పు చెప్పింది. దీనిని తప్పించుకోవడానికి దావా చివర ఒక ఇంజంక్షన్ దరఖాస్తు తగిలించే తెలివిని కోర్టులు ఇప్పుడు పసిగడుతున్నాయి. మీ ఆధీనంలోని పత్రాలన్నీ దావాతో పాటే, స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రూత్‌తో (చెప్పినవి నిజమన్న ప్రమాణపత్రంతో) కలిపి ఇవ్వాలి. ప్రతివాది తరఫున ఉంటే, సమన్లు అందిన 30 రోజుల్లో, ఆలస్యమైనా 120 రోజుల లోపల జవాబు దావా పడాలి. 121వ రోజున ఎంత మంచి కారణం చెప్పినా కోర్టుకు అధికారం లేదు.

ఈమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు, ఆన్‌లైన్ మీటరు డేటా దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద రెండు భాగాల ధ్రువపత్రం జత చేయండి. రెండో భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి, కనుక ఆ మనిషిని ముందే చూసుకోండి.

7. రెండు ఫైళ్లనూ ఒకే బల్ల మీద పెట్టండి

ఇప్పుడు మొదట చెప్పుకున్న ఫ్యాక్టరీ దగ్గరికి వద్దాం. సరఫరా ఒప్పందంలోని ఫోర్స్ మేజర్ నిబంధనలో (తన చేతిలో లేని కారణాలకు బాధ్యత తప్పించే నిబంధనలో) "ప్రభుత్వ ఉత్తర్వు" అన్న మాట ఉన్నంత మాత్రాన యజమాని బయటపడరు. ఆ ఉత్తర్వు తన ఉల్లంఘన వల్లనే వచ్చిందని కొనుగోలుదారు అంటారు. అంచేత కొనుగోలుదారుకు జవాబు రాసే ముందు అప్పీలు ముసాయిదా పక్కన ఉండాలి. రెండింటిలోనూ వాస్తవాల పేరా ఒకటే కావాలి. కంపెనీని ఎవరైనా కొంటుంటే, పాత కాలుష్యానికి బాధ్యత ఎవరిదన్న ఇండెమ్నిటీ (నష్టం భర్తీ చేసే హామీ) షరతులో తేదీ, గరిష్ఠ మొత్తం, మండలి నోటీసు వస్తే ఎన్ని రోజుల్లో తెలపాలన్నది రాయించండి.

రైతుల తరఫు న్యాయవాదికి ఇక్కడ ఒక పెద్ద గొయ్యి ఉన్నది. ఆ కంపెనీ మీద ఎన్‌సీఎల్‌టీలో (జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో) దివాలా ప్రక్రియ మొదలైతే మారటోరియం, అంటే ఆ కంపెనీ మీది కేసులకూ వసూళ్లకూ విరామం వస్తుంది. పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందాక, అందులో చేరని పాత క్లెయిములు ఆరిపోతాయని 2021లో ఘనశ్యామ్ మిశ్రా తీర్పు చెప్పింది. హరిత ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తున్నదన్న ధీమాతో కూర్చోకుండా, క్లెయిములు కోరే ప్రకటన వెలువడగానే, దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ దగ్గర క్లెయిము దాఖలు చేయాలి. పర్యావరణ చట్టం మాత్రమే చదివినవారికి ఆ ప్రకటన చూడాలన్న ఆలోచనే రాదు.

8. సొంతంగా ఫైలు తీసుకునేటప్పుడు

న్యాయవాది ప్రకటనలు ఇచ్చుకోకూడదు కనుక, పని మీ దగ్గరికి వచ్చే దారులు కొన్నే: చార్టర్డ్ అకౌంటెంట్లు, పర్యావరణ కన్సల్టెంట్లు, గ్రామాల్లోని సంఘాలు, సహ న్యాయవాదులు. ప్రాజెక్టుల పర్యావరణ అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభలకు వెళ్లండి. అక్కడ పంచే తెలుగు సారాంశాన్ని పర్యావరణ ప్రభావ అంచనా ఆంగ్ల నివేదికతో పోల్చి చూడండి. నీటి వాడకం, భూమి విస్తీర్ణం, చెట్ల సంఖ్య రెండింటిలో వేర్వేరుగా ఉంటే, అనుమతి మీద రేపటి అప్పీలుకు అది మొదటి గ్రౌండు అవుతుంది. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు, 30 రోజులు. అప్పీలు గడువూ 30 రోజులే కాబట్టి ఉత్తర్వు వచ్చాక అడిగితే ఆలస్యమే.

కంపెనీల పక్షమా, ప్రజల పక్షమా అని చాలామంది అడుగుతారు. రెండు వైపులా పనిచేయడంలో తప్పు లేదు, పైగా ఎదుటివారి ఫైలు ఎలా ఉంటుందో తెలుస్తుంది. కానీ ఒక వివాదంలో ఒక పక్షానికి సలహా ఇచ్చినవారు అదే వివాదంలో ఎదుటి పక్షాన నిలబడకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం, దాని స్ఫూర్తిని ఇంకొంచెం విశాలంగానే పాటించండి. ఒకే పారిశ్రామికవాడలో పక్కపక్క ఫ్యాక్టరీలు ఒకే కాలువలోకి నీళ్లు వదిలితే, ఇద్దరూ ఇవాళ మిత్రులైనా రేపు బాధ్యత పంచుకునేటప్పుడు ప్రత్యర్థులే. ఇద్దరి వకాలత్ ఒకరే తీసుకోవద్దు.

వచ్చిన పరిహారంలో వాటా అన్న ఒప్పందం నియమాలకు విరుద్ధం, రైతులే ముందుకొచ్చి ఇస్తామన్నా ఒప్పుకోకండి. ఫీజును దశలవారీగా, దాఖలుకు ఇంత, మధ్యంతర ఉత్తర్వు దశకు ఇంత, తుది వాదనకు ఇంత అని తెలుగులో ఒక కాగితం మీద రాసి సంతకాలు తీసుకోండి. పరిహారం కోరే దరఖాస్తుకు కోరిన మొత్తంలో ఒక శాతం ట్రిబ్యునల్ రుసుము, ల్యాబు ఖర్చులు, చెన్నై ప్రయాణాలు ఎవరు భరించాలో కూడా అందులోనే ఉండాలి.